వెనక సీట్లో పాప నిద్రపోతోంది

మా వదిన దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళని రోడ్డు మీద ఇట్టే గుర్తుపట్టొచ్చు. సిగ్నల్ దగ్గర బండి ఆపగానే ఒకసారి మెడ తిప్పి వెనక సీటు వంక చూస్తారు. అక్కడ ఎవరూ ఉండరు. అయినా చూస్తారు. నేనూ చూస్తాను. ఒకసారి మా ఆఫీసు పెద్దాయన్ని వెనక సీట్లో ఎక్కించుకుని వెళ్తూ అలాగే తిరిగి చూశాను. తనతో ఏదో చెప్పబోతున్నాననుకుని ఆయన ముందుకు వంగాడు. ఏం చెప్పాలో తోచక "పడుకోండి సార్, పడుకోండి" అన్నాను. మర్నాటి నుంచి ఆయన నా బండి ఎక్కలేదు.

ఇదంతా వదిన పాఠం మహిమ. కొత్తగా స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళకి క్లచ్ ఏది, గేరు ఏది అని చెప్పడానికి ముందే ఆవిడ ఒక మాట చెబుతుంది.

"వెనక సీట్లో పాప నిద్రపోతోంది. బండి ఎలా పోనిస్తావో నీ ఇష్టం. ఆపేటప్పుడు మాత్రం పాప లేవకూడదు."

ఆ పాప నా కూతురే. పుట్టిన కొత్తలో అది ఏం చేసినా నిద్రపోయేది కాదు. ఎత్తుకుని తిప్పినా, జోలపాట పాడినా ఊహూఁ. నేను పాడితే మరీ గుక్కపట్టేది. కారెక్కిస్తే మాత్రం వీధి మలుపు తిరిగేలోగా కళ్ళు మూసేది. బండి కుదుపుతో ఆగిందా, మళ్ళీ మొదలు. అందుకని సాయంత్రాలు మా ఆవిడ దాన్ని ఒడిలో వేసుకుని వెనక కూర్చుంటే, వదిన ఊరంతా తిప్పుకొచ్చేది. ఆగినట్టు తెలియకుండా ఆపడం ఆవిడకి అలా పట్టుబడింది. మెల్లగా తొక్కుతూ వచ్చి, బండి ఇక ఆగుతుందనగా పాదాన్ని దూదిలా కాస్త వదులుతుంది. ఆ కాస్తలోనే ఉంది విద్యంతా. ఇప్పుడా పాప ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తోంది, నిద్ర చాలడం లేదని అందరి మీదా విసుక్కుంటోంది. వదిన కారులో మాత్రం ఇంకా నెలల పిల్లే.

వదినది డ్రైవింగ్ స్కూలు అంటే పెద్ద మాట. ఇంటి ముందుగదే స్కూలు. గోడకి రోడ్డు గుర్తుల పటం, ఒక బల్ల, కుర్చీలు. ఓ మూల, పాత ఇనుము కొట్టు నుంచి తెచ్చిన స్టీరింగ్ చక్రాన్ని చెక్కపీటకి బిగించి పెట్టింది. కారు చూస్తేనే చెమటలు పట్టేవాళ్ళు ముందు దాని ముందు కూర్చుని తిప్పుకుంటారు. అలాంటివాళ్ళే ఎక్కువ వస్తారు ఆవిడ దగ్గరికి. లారీ ఎదురైతే కళ్ళు మూసుకునే ఒక నర్సు. భర్త పోయాక ఆయన కారు మీద కప్పిన గుడ్డ తీయలేక, తీయకుండా ఉండలేక వచ్చిన ఒకావిడ. ఇంకో స్కూల్లో అరుపులు పడలేక పారిపోయి వచ్చినవాళ్ళు. వదిన అరవదు. కోపమొస్తే మర్యాద పెంచుతుంది. చిన్నపిల్లలనైనా సరే "అండీ" అందంటే బండి పక్కకి తీసి ఆపుకోవడం క్షేమం. అన్నయ్యకి "అండీ" ఎప్పుడూ ఉండేదే కాబట్టి, ఆయన మీద కోపమొచ్చినప్పుడు "సార్" అంటుంది.

అన్నయ్యకి డ్రైవింగ్ రాదు. నేర్పకపోలేదు. వదిన పలుమార్లు మొదలుపెట్టింది. ప్రతిసారీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని, సంసారం ముఖ్యమని మానేశారు. అయినా వదిన పాఠాలు చెప్పే తెల్ల కారు గురించి ఊళ్ళో వాళ్ళకి చెప్పే బాధ్యత అన్నయ్యదే. అది కొన్నప్పుడు మా వీధిలో ఏబీఎస్ ఉన్న కారు అదొక్కటే. ఇంటికొచ్చినవాళ్ళు కూర్చున్నారో లేదో అన్నయ్య మొదలుపెట్టేవాడు.

"మామూలు కార్లో బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోతాయి. బండి జారుకుంటూ పోతుంది. ఇందులో అలా కాదు. లోపల ఒక పెట్టె ఉంటుంది. ఏ చక్రం బిగుసుకుంటోందో అది కనిపెట్టేస్తుంది. వెంటనే ఆ బ్రేకు వదులుతుంది, పడుతుంది, వదులుతుంది, పడుతుంది, ఇదిగో ఇలా..."

అంటూ చేతిలో గ్లాసుని వదిలి, పట్టి చూపించేవాడు. ఒకసారి వదలడం బాగానే కుదిరింది, పట్టుకోవడం కుదరలేదు. టీ అంతా మా మావగారి చొక్కా మీద పడింది. ఆయన ఆ చొక్కాని చాలాకాలం "ఏబీఎస్ చొక్కా" అనేవాడు.

ఆ కారులో ఇంకో విశేషం, రెండో బ్రేక్ పెడల్. నేర్చుకునేవాళ్ళు పొరపాటు చేస్తే పక్క సీట్లోంచే ఆపడానికి వదిన కాళ్ళ దగ్గర పెట్టించుకుంది. రెండు పెడళ్ళకీ మధ్య కింద ఒక ఇనప కడ్డీ. ఒకటి దిగితే రెండోదీ దిగుతుంది. బాగానే ఉంది. కానీ భార్యాభర్తలు ఎక్కడికైనా వెళ్ళాలంటే వదిన స్టీరింగ్ దగ్గర, అన్నయ్య ఆ పక్క సీట్లో, పెడల్ సరిగ్గా ఆయన కుడికాలి కింద. అసలే భయస్థుడు. అల్లంత దూరాన సైకిలు కనపడితే తొక్కేసేవాడు. కుక్క అరిస్తే తొక్కేసేవాడు. ఒకసారి పెళ్ళివారింటి ముందు, వెనక వాహనాలన్నీ హారన్లు మోగిస్తుండగా, ఎందుకో తనకే తెలియకుండా తొక్కేశాడు. ఆ రోజు వదిన బండి దిగి, ఆయన వైపు తలుపు తీసి, చాలా మెత్తగా అంది:

"సార్, ఆ పెడల్ నాది. మీ పాదం దాని మీద ఇంకోసారి కనిపించిందంటే మీరు వెనక సీట్లో పాప పక్కన కూర్చుంటారు."

అన్నయ్య ఒట్టేశాడు. అప్పటి నుంచి కారెక్కితే కాళ్ళు రెండూ తలుపు వైపుకి ముడుచుకుని కూర్చునేవాడు. చూసేవాళ్ళకి ఈయనకి కడుపునొప్పేమో అనిపించేది.

అలా జరిగిపోతున్న కాపురంలోకి ఒక మధ్యాహ్నం కూరగాయల సంచీతో సహా ఆపద వచ్చింది.

వదిన వాళ్ళ ఇంటి పక్కనే దర్జీ దుకాణం. దుకాణం ముందు మెట్టు కింద సూటు తొడిగిన ఒక బొమ్మ నిలబడి ఉంటుంది. ఎప్పుడూ కొత్త బట్టలు, పని పాటా లేదు, ఊరికే నిలబడి వచ్చేపోయేవాళ్ళని చూస్తుంటాడు కాబట్టి దర్జీ ఆ బొమ్మకి "అల్లుడుగారు" అని పేరు పెట్టాడు. ఆ రోజు అన్నయ్యా వదినా బజారు నుంచి వచ్చారు. వదిన ఎప్పట్లాగే ఇంటి ముందు బండిని మెల్లగా, మెల్లగా, మనిషి నడక కంటే నెమ్మదిగా తెచ్చి ఆపబోయింది. ఆగలేదు. హ్యాండ్ బ్రేక్ లాగేలోపు బండి ఇంటి గేటు దాటి, ఇంకాస్త జరిగి, అల్లుడుగారిని మోకాళ్ళ దగ్గర తాకింది. ఆయన నిలువునా బానెట్ మీద వాలిపోయారు.

"అయ్యో, అల్లుడుగారు పడిపోయారు!" అని దర్జీ కేకేశాడు.

అంతే. ఎదురింటివాళ్ళు చెంబుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఎవరో అంబులెన్సుకి ఫోను చేశారు. బట్టలకి కొలతలివ్వడానికి వచ్చిన ఒకాయన, దర్జీకి కూతుళ్ళే లేరని తెలియక, "అమ్మాయికి ఎవరైనా చెప్పారా?" అని ఏడుపు గొంతుతో అడిగాడు. బానెట్ మీద నుంచి బొమ్మ చెయ్యి ఊడి కిందపడేసరికి ఆయన కూలబడ్డాడు. ఆ తరవాత వీధి వీధంతా పడీపడీ నవ్వింది.

వదిన నవ్వలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ అలాగే ఉంచుకుని కూర్చుంది. నేను వెళ్ళేసరికి ఇంట్లో గ్లాసుడు నీళ్ళు ముందు పెట్టుకుని, తాగకుండా చూస్తోంది.

"బొమ్మే కదా వదినా. చెయ్యి మళ్ళీ తగిలించేశాడట కూడాను."

"మనిషైతే?" అంది.

"బ్రేకు పట్టలేదేమో. సైలెన్సర్‌కి చూపిద్దాం."

"బ్రేకు కాదు." తన కుడిపాదం వంక చూసుకుంటూ అంది, "నా కాలే."

అప్పటికి కొన్నాళ్ళుగా ఆవిడకి పాదాలు తిమ్మిరెక్కుతున్నాయి. షుగరుంది. మందులు వాడుతోంది, తిమ్మిరి తగ్గింది కూడా. అన్నయ్య ఆ పక్కనే కూరగాయల సంచీ ఒళ్ళో పెట్టుకుని, కుక్కిన పేనులా కూర్చున్నాడు. సంచీ కిందపెట్టమని ఎవరైనా చెప్పాలన్నట్టు.

సైలెన్సర్ అంటే మా మెకానిక్. పని చేస్తున్నంతసేపూ నోరు ఆగదు కాబట్టి వీధి పెట్టిన పేరు. అతని గురించి ఒక రహస్యం వదినకి తెలుసు, వదిన ద్వారా నాకు తెలుసు. అతను షెడ్డు పెట్టి, పేరు తెచ్చుకుని, ఇంజన్లు విప్పి బిగిస్తున్న రోజుల్లో అతనికి కారు నడపడం రాదు. బాగుచేసిన బండిని "మీరే నడిపి చూడండి, మీ చేతికి తెలియాలి" అని పెద్దమనిషిలా యజమానికే తాళం ఇచ్చేవాడు. చివరికి ఎవరూ లేవని తెల్లవారుజామున వదిన దగ్గర నేర్చుకున్నాడు. ఆవిడ ఎక్కడా చెప్పలేదు. అతను మాత్రం తన డ్రైవింగ్ పుట్టుకతోనే వచ్చిందని చెప్పుకుంటాడు.

సైలెన్సర్ బండి చూశాడు. మనస్ఫూర్తిగానే చూశాడు. బ్రేక్ ప్యాడ్లు తీసి చూశాడు, మందంగానే ఉన్నాయి. బ్రేక్ ఆయిల్ నిండుగా ఉంది. గొట్టాల్లో ఎక్కడా తడి లేదు. ఇంజన్ ఆన్ చేసి పెడల్ మీద కాలు బిగబట్టి, అది కిందికి దిగిపోతుందేమోనని చాలాసేపు కూర్చున్నాడు, ఆ కూర్చున్నంతసేపూ మాట్లాడుతూ. దిగలేదు. కంప్యూటర్ తగిలించాడు. అదీ ఏ లోపమూ లేదంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీదకి తీసుకెళ్ళి, బాగా వేగం అందుకుని, ఒక్క తొక్కు తొక్కాడు. బండి కీచుమని నిలబడింది. నా తల ముందు అద్దానికి తగలబోయింది.

"బ్రేకులు బంగారం టీచరమ్మా! ఏ లోపమూ లేదు. ఇంకో పదేళ్ళు చూడక్కర్లేదు."

మంచి వార్తే. కానీ బండి బాగుందన్న ప్రతి మాటా వదిన కాలి మీద నేరంగా పడుతోందని మాకెవరికీ తట్టలేదు. ఆవిడ అతనికి దణ్ణం పెట్టి, "మంచిది నాయనా" అంది. ఆ సాయంత్రమే నేర్చుకునేవాళ్ళందరికీ ఫోన్లు చేసి వేరే స్కూలు చూసుకోమంది. నర్సు ఇంటికొచ్చి మరీ ఏడ్చింది. "మీరు లేకపోతే నేను మళ్ళీ కళ్ళు మూసుకుంటాను మేడమ్" అని బెదిరించింది కూడా. వదిన ఆమె తల నిమిరి పంపేసింది.

నాకు తాళం ఇచ్చి, "ఎవరైనా మంచివాళ్ళని చూసి ఇచ్చెయ్యవయ్యా మరిదీ. మళ్ళీ నేను దాన్ని గేట్లో చూడకూడదు" అంది.

"తొందరెందుకు వదినా? కొన్నాళ్ళాగి..."

"ఆగడం రానప్పుడేగా ఈ గొడవంతా" అంది. నవ్వడానికి ప్రయత్నించింది. నాకు నవ్వు రాలేదు.

తాళం జేబులో వేసుకుని తిరుగుతూ, అమ్మడానికి మనసొప్పక, ఏదో వంకతో రోజూ వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. ఒక రోజు తలుపు తీసే ఉంది. ముందుగదిలో వదిన చెక్కపీటకి బిగించిన ఆ స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది. చెప్పుల్లేని కుడిపాదంతో నేలని మెల్లగా నొక్కుతోంది. నొక్కి, చివర్లో కాస్త వదులుతోంది. మళ్ళీ నొక్కుతోంది. పాదం వైపే చూస్తోంది, పాఠం అప్పజెప్పమని పిల్లని అడిగినట్టు. నేను చప్పుడు చేయకుండా వెనక్కి తగ్గుదామనుకున్నాను. నా చెప్పులు నా మాట ఎప్పుడు విన్నాయి గనక? కీచుమన్నాయి. వదిన గబుక్కున చీరకుచ్చిళ్ళు సర్దుకుని, "దుమ్ము తుడుద్దామని కూర్చున్నా" అంది. చేతిలో గుడ్డ లేదు.

అన్నయ్య సంగతి ఇంకో రకం. ఆయన ఏబీఎస్ గురించి మాట్లాడటం మానేశాడు. ఎవరైనా కారు మాటెత్తితే లేచి వెళ్ళి కుళాయి కట్టేసి ఉందో లేదో చూసొచ్చేవాడు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. పైగా రోజూ సాయంత్రం నూనె వెచ్చబెట్టి వదిన పాదాలకి రాయడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనిది! ఆవిడ వద్దన్నా వినడు. నాకు ముచ్చటేసింది. వదినకి మాత్రం గుండె జారిపోయింది. ఆ సంగతి తరవాత చెప్పింది: "ఆయన కూడా నా కాలు పాడైందనే అనుకుంటున్నారు, అందుకే జాలిపడుతున్నారు అనుకున్నానయ్యా."

చివరికి ఒక మంచి కుటుంబం కారు చూస్తామన్నారు. తీసుకెళ్ళి చూపిద్దామని నేను గేటు దగ్గర బండెక్కాను. అన్నయ్య వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. కూర్చుని, కాళ్ళు రెండూ ఎత్తి సీటు మీద బాసింపట్టు వేశాడు.

"ఏంటన్నయ్యా ఆ కూర్చోడం?"

"పోనియ్యకురా."

"ఏం?"

"ఒరేయ్, దీన్ని అమ్మొద్దు. తప్పు మీ వదిన కాలిది కాదు." ముడుచుకున్న కుడిపాదం మీద చెయ్యేశాడు. "నా కాలిది."

నాకర్థం కాలేదు. ఆయన అద్దంలోంచి అల్లుడుగారి వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ రోజు బండి ఆగట్లేదని నాకు ముందే తెలిసింది. ఒట్టు గుర్తుంది, అయినా కాలు ఆగలేదురా. ఆ పెడల్ తొక్కేశాను. తొక్కగానే కింద నుంచి దడదడమని తన్నింది. మీ వదినే తన్నుతోందనుకున్నాను."

"వదిన తన్నడమేంటి?"

"రెండిటికీ కడ్డీ ఉంది కదరా! 'నా పెడల్ మీద కాలు తియ్' అని అటు నుంచి తన్నుతోందనుకున్నా. భయపడి తీసేశాను. తీయగానే అల్లుడు పడ్డాడు. నేను తీయకుండా ఉంటే ఆగేదేమో. దానికి చెప్పలేకపోయాను. అది 'నా కాలే' అంటుంటే కూడా..."

నాకు పాపిష్టి నవ్వొచ్చింది. పెళ్ళాం కార్లో బ్రేకు గుండా తన్నిందనుకున్న మొగుడు ప్రపంచంలో ఈయనొక్కడే అయ్యుంటాడు. కానీ ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి నవ్వు దగ్గుగా మార్చుకున్నాను. తరవాత చెయ్యి పట్టుకుని, బాసింపట్టు విప్పించి, ఇంట్లోకి లాక్కెళ్ళాను.

"వదినా, ఈయన నీతో ఏదో చెబుతాడట."

అన్నయ్య గోడకి ఆనుకుని, హోంవర్కు చేయని పిల్లాడిలా నిలబడి, అంతా చెప్పాడు. 'పెడల్ తొక్కాను' అన్నప్పుడు వదిన కనుబొమలు పైకి లేచాయి. "సార్" రాబోతోందని నేను సర్దుకున్నాను. రాలేదు.

"ఏమన్నారూ? దడదడమందా?"

"అవును. అరికాలు కింద."

"మీ కాలి కింద?"

"నా కాలి కిందే. నువ్వు తన్నావు కదా?"

"నేనెందుకు తంతానండీ మిమ్మల్ని!" అని వదిన లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. చాలా మెల్లగా అంది, "నా పాదం కింద కూడా అలాగే అదిరింది. నేను... నా కాలే వణుకుతోందనుకున్నాను. కాలు వణికి బ్రేకు జారిపోయిందనుకున్నాను."

ముగ్గురం కాసేపు వాళ్ళిద్దరి పాదాల వంకా చూశాం.

"వదినా," అన్నాను, "ఇద్దరి కాళ్ళకీ ఒకేసారి ఒకే వణుకు ఎలా వస్తుంది?"

వాళ్ళిద్దర్నీ ఎక్కించుకుని సైలెన్సర్ షెడ్డుకి బండిని నేనే నడిపాను, ప్రతి మలుపుకీ ముందే హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యేసి, తాబేలులా. విన్నాక అతను పానా కింద పడేశాడు.

"దడదడలాడిందా? ముందు చెప్పొద్దా టీచరమ్మా!"

"నా కాలు వణుకుతోందని నీకు చెప్పాలా నాయనా?"

"అది మీ కాలు కాదు. అది ఏబీఎస్! జారేటప్పుడు చెయ్యాల్సిన పని అది. బ్రేకుని వదిలి పట్టుకుంటుంటే పెడల్ అలా కొట్టుకుంటుంది. జారకుండానే అదెందుకు పని చేసిందీ అని." అంటూనే బండెక్కి, షెడ్డు వెనక ఖాళీ స్థలంలో పరిగెత్తించి, ఒక్క తొక్కు తొక్కాడు. కీచుమని ఆగింది. దడా లేదు, గిడా లేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. అతని మొహం చిన్నబోయింది.

వదిన దుమ్ములోంచి నడిచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది.

"ఆపడం అలాగేనాండీ నేను మీకు నేర్పిందీ?"

"అండీ" వినపడగానే సైలెన్సర్ ఇంజన్ కట్టేశాడు. షెడ్డు గుమ్మంలో బళ్ళు బాగుచేయించుకోడానికి వచ్చినవాళ్ళు నిలబడి వింటున్నారు. పుట్టుకతో డ్రైవింగ్ వచ్చిన మనిషి అందరి ముందూ తల దించుకుని, గట్టిగానే చెప్పాడు:

"లేదు టీచరమ్మా. పాప లేవకూడదన్నారు."

"మరి?"

అతను ప్రయత్నించాడు. పాపం, ఏళ్ళ తరబడి తొక్కుడు అలవాటైన కాలు. దూదిలా వదలబోయి రాయిలా వేసేవాడు. పాప లేచి కూర్చుని రాగం తీసేలా ఆపుతున్నాడు. చివరికి దిగిపోయి తాళం వదిన ముందు చాచాడు.

"ఇది నా కాలికి దొరకదమ్మా. మీ కాలికే దొరుకుతుంది."

వదిన తాళం వంక చూసింది. తీసుకోలేదు. ఖాళీ స్థలంలో ఎదురుగా గోడ కూడా ఎక్కడో దూరాన ఉంది. అయినా ఆవిడ చెయ్యి కదల్లేదు. అప్పుడు అన్నయ్య వెళ్ళి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. భయస్థుడు మా అన్నయ్య, సైకిలు చూసి బ్రేకు తొక్కేవాడు, బ్రేకు పట్టని కార్లో ముందు సీట్లో కూర్చుని, "రా" అన్నాడు.

వదిన ఎక్కింది. మిగిలింది వెనక సీటే కాబట్టి నేను అందులో కూర్చున్నాను.

బండి కదిలింది. కాస్త పోనిచ్చి, ఆవిడ ఎప్పట్లాగే మెల్లగా తొక్కుతూ వచ్చింది. వేగం తగ్గింది, ఇంకా తగ్గింది, ఇక ఆగుతుందనగా కింద ఎక్కడో గరగరమంది. పెడల్ దడదడలాడింది. బండి ఆగకుండా ముందుకి జారుకుంది.

"ఇదే! ఇదే! తన్నుతోంది!" అని అన్నయ్య సీట్లోనే ఎగిరాడు.

వదిన హ్యాండ్ బ్రేక్ లాగి ఆపింది. బ్రేకు పట్టనందుకు అంత సంతోషించిన మనుషుల్ని నేను మళ్ళీ చూడలేదు. ఆవిడ స్టీరింగ్ మీద తల ఆన్చి నవ్వుతోందో ఏడుస్తోందో వెనక నుంచి తెలియలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. అన్నయ్య ఆవిడ వీపు మీద చెయ్యేసి, "తన్నింది నువ్వు కాదు కదా, అంతే చాలు" అంటున్నాడు.

ఇక అక్కడి నుంచి సైలెన్సర్ నోటికీ చేతికీ పట్టపగ్గాల్లేవు. ఏబీఎస్ ఫ్యూజు పీకేశాడు. స్టీరింగ్ ముందు ఏబీఎస్ పసుపు దీపం వెలిగింది, బ్రేకు మామూలు పాత బ్రేకైపోయింది. వదిన అలాగే మెల్లగా ఆపింది. దడ లేదు. ఎక్కడ ఆపాలనుకుందో అక్కడే ఆగింది. ఫ్యూజు మళ్ళీ పెట్టాడు. మళ్ళీ దడ. "దొరికాడు దొంగ!" అని జాకీ వేసి, ఒక్కో చక్రం ఎత్తి, టార్చిలైటుతో లోపల వెతికాడు. ముందు చక్రాల్లో ఒకదాని దగ్గర దొరికింది. ఇరుసు చుట్టూ పళ్ళున్న ఒక ఇనప కంకణం. చక్రంతో పాటు అది తిరుగుతుంటే, పక్కనున్న చిన్న సెన్సర్ ఆ పళ్ళు లెక్కపెట్టి పెట్టెకి చెబుతుందట. ఆ కంకణం తుప్పు పట్టి ఉబ్బి, ఒకచోట వెంట్రుకవాసి చీలింది.

"వేగంగా పోయేటప్పుడు ఆ చీలిక లెక్కలోకి రాదమ్మా. నేను ఎగిరిపోతూ తొక్కేసేవాణ్ణి, దానికి తప్పు చేసే వ్యవధే లేదు. మీరేమో నడక కంటే మెల్లగా వస్తారు. చీలిక దగ్గర సెన్సర్ తడబడుతుంది. చక్రం బిగుసుకుపోయిందనుకుని పెట్టె బ్రేకు వదిలేస్తుంది. దాని దృష్టిలో అది మంచి పనే, అందుకే లోపమని దీపం కూడా వెలిగించలేదు. ఊళ్ళో మీలాగా ఆపేవాళ్ళు ఇంకొకరుంటే వాళ్ళకీ దొరికేది."

"అంటే నేను బాగా ఆపడం వల్ల ఆగలేదన్నమాట" అంది వదిన. కళ్ళు తుడుచుకుని, చాలా రోజుల తరవాత ఆవిడ గొంతులో ఆ కొంటెతనం వినిపించింది.

కంకణం కొత్తది వచ్చేదాకా బండి షెడ్డులోనే ఉంది. కొనబోయిన మంచి కుటుంబానికి ఫోను చేసి, బండి ఇవ్వలేమని నీళ్ళు నమిలాను. అన్నయ్య మళ్ళీ ఏబీఎస్ గురించి మాట్లాడుతున్నాడు, ఇప్పుడు కంకణంతో సహా. వదిన పాదాలకి నూనె రాయడం మాత్రం మానలేదు. అడిగితే, "అలవాటైపోయింది" అన్నాడు.

బండి తెచ్చుకున్న రోజు నేనూ వెళ్ళాను. వదిన నడిపింది, అన్నయ్య పక్క సీట్లో, నేను వెనక. వీధి మలుపు తిరగగానే దర్జీ చూసి, చేతికి కట్టు కట్టి ఉన్న అల్లుడుగారిని గబగబా ఎత్తి మెట్టు మీద పెట్టుకున్నాడు. వదిన అద్దం దించి, "అక్కడే ఉంచవయ్యా, ఎక్కడుండేవారో అక్కడే" అంది. అతను కాసేపు తటపటాయించి, అల్లుణ్ణి కిందికి దించి, తను మాత్రం మెట్టెక్కాడు.

అన్నయ్య సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, కళ్ళు గట్టిగా మూసుకుని.

"కాళ్ళు కింద పెట్టండి సార్" అంది వదిన.

ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. మెల్లగా కాళ్ళు దించి, తలుపు వైపుకి ముడుచుకున్నాడు.

"అక్కడ కాదు. పెడల్ మీద."

"ఒట్టు కదా..."

"పెట్టండి. పెట్టాక మాత్రం ఎవరు తన్నినా తీయకండి."

అన్నయ్య కుడిపాదం చెప్పులోంచి తీసి, పుస్తకం మీద చెయ్యి పెట్టినంత భక్తిగా ఆ పెడల్ మీద ఆన్చాడు. బండి మెల్లగా, మెల్లగా, మనిషి నడక కంటే నెమ్మదిగా గేటు ముందుకి వచ్చింది. ఎప్పుడు ఆగిందో నాకు తెలియలేదు. కిటికీలోంచి చూస్తే అల్లుడుగారు కదలడం మానేశారు, అంతే.

వదిన అలవాటుగా మెడ తిప్పి వెనక సీటు వంక చూసింది. నేను చటుక్కున కళ్ళు మూసుకున్నాను.